డైనోసార్ గుడ్డు అసలుదా, నకలా: పెంకు చూసి తేల్చుకోవడం ఎలా

హైదరాబాదులో నాకొక చిన్న వర్క్‌షాపు ఉంది. బడుల సైన్సు గదులకు, ప్రదర్శనశాలలకు, కళాశాలల భూగర్భశాస్త్ర విభాగాలకు శిలాజాల నకళ్లు పోతపోసి ఇస్తాను. ఎముకలు, పళ్లు, అన్నిటికన్నా ఎక్కువగా గుడ్లు. ఈ పనిలో ఉన్నానని తెలిసి చాలామంది ఫోన్ చేస్తారు. "మా దగ్గర డైనోసార్ గుడ్డు ఉంది, ఫొటో పంపుతాం, అసలుదో కాదో చెప్పండి" అంటారు. ఆ ఫొటోలో గుడ్డు నిండుగా, నున్నగా, ముందువైపు నుంచి కనిపిస్తుంది. దాని వల్ల నాకు ఉపయోగం లేదు. నాకు కావలసింది పెంకు విరిగిన అంచు.

గుండ్రటి రూపాన్ని వాగు నీళ్లు చేస్తాయి, భూమి లోపల పేరుకునే ఖనిజాలు చేస్తాయి, అచ్చులో పోసి నేనూ చేస్తాను. పెంకు లోపలి కట్టడం మాత్రం గుడ్డు పెట్టిన జంతువు ఒంట్లో తప్ప మరెక్కడా తయారు కాదు. అందుకే ఆకారాన్ని పక్కన పెట్టి పెంకును చూడమంటాను. కింద చెప్పేదంతా ఆ చూపు గురించే.

ముందు అసలుది ఎలా ఉంటుందో తెలియాలి

మన దేశంలో డైనోసార్ గుడ్లు ఎక్కువగా దొరికేది లామెటా అనే రాతి పొరల్లో. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గరి రాయోలి, మధ్యప్రదేశ్‌లో ధార్ జిల్లా, జబల్‌పూర్ ప్రాంతం ఇందుకు పేరుపడ్డాయి. 2023లో హర్ష ధీమాన్, గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, వారి సహచరులు ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు గుర్తించినట్టు ప్రకటించారు. అవి టైటనోసార్లవి. పొడవాటి మెడ, భారీ శరీరం ఉన్న శాకాహారులు అవి. అంత జంతువు పెట్టిన గుడ్డు అడ్డకొలత 15 నుంచి 17 సెంటీమీటర్లే. కాబట్టి "ఇంత చిన్నది డైనోసార్‌ది ఎలా అవుతుంది" అన్న అనుమానమూ, "ఇంత పెద్దది కాబట్టి డైనోసార్‌దే" అన్న నమ్మకమూ రెండూ పనికిరావు.

ఇంకో సంగతి. నేలలో ఈ గుడ్లు బంతుల్లా విడివిడిగా దొర్లుతూ ఉండవు. ఇసుక కలిసిన గట్టి సున్నపురాయిలో కూరుకుపోయి, రాయి అరిగిన చోట ఒక వలయంగానో, అర్ధచంద్రాకారంగానో కనిపిస్తాయి. ఆ వలయపు గీతే పెంకు. లోపలా బయటా ఉన్నది రాయే. చాలా గుడ్లకు పై భాగం ఉండదు, అడుగు భాగం మాత్రమే మిగులుతుంది. చేతిలో చక్కగా ఇమిడే సంపూర్ణమైన గుడ్డును ఎవరైనా "నర్మద ఒడ్డున దొరికింది" అని తెస్తే నా అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు పెంకు. నగల దుకాణాల్లో వాడే పది రెట్ల లెన్సు ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదు కాదు. దాన్ని కంటికి ఆనించి, గుడ్డును లెన్సు దగ్గరికి తెచ్చుకోండి. వెలుతురు పక్క నుంచి పడాలి, నెత్తి మీద నుంచి కాదు. పక్క వెలుతురులోనే ఎత్తుపల్లాలు నీడలుగా కనిపిస్తాయి.

టైటనోసార్ పెంకు మందం సాధారణంగా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పై ముఖమంతా చిన్న చిన్న గుండ్రటి బొడిపెలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వాటి మధ్య పల్లాల్లో సూదిమొనతో పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. లోపలి పిల్ల గాలి పీల్చుకున్న దారులు అవి. తర్వాత విరిగిన అంచును చూడండి. పెంకు అడ్డంగా విరిగిన చోట సన్నటి స్తంభాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ లోపలి ముఖం దగ్గర సన్నటి మొనతో మొదలై, పైకి పోతున్న కొద్దీ విసనకర్రలా విచ్చుకుని, పై ముఖం మీద ఒక బొడిపెగా ముగుస్తుంది. అంటే పైన కనిపించే ప్రతి బొడిపె కింద ఒక స్తంభం ఉంటుంది. ఈ రెండింటికీ పొంతన కుదిరితే ఆ పెంకు అసలుదే. గుడ్డు మొత్తం అసలుదా అన్నది వేరే ప్రశ్న, దాని దగ్గరికి వస్తాను.

చైనా నుంచి వచ్చే పొడవాటి గుడ్ల కథ కొంచెం వేరు. ఓవిరాప్టర్ అనే డైనోసార్ జాతి గుడ్లు కోలగా ఉంటాయి. వాటి నడుము భాగంలో పొడవు వెంబడి సన్నటి గట్లు సాగుతాయి. చివరలకు వచ్చేసరికి ఆ గట్లు తెగిపోయి విడివిడి చుక్కలుగా మారతాయి. నకలు చెక్కేవాళ్లు చాలాసార్లు ఇక్కడే దొరికిపోతారు. నడుము మీద చెక్కిన గీతలనే చివరల దాకా ఒకే తీరున లాక్కుపోతారు.

పగుళ్లు కూడా చాలా చెబుతాయి. కోట్ల ఏళ్లు మట్టి బరువు కింద నలిగిన పెంకు ఎండిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు పగులుతుంది. ఒక ముక్క అంచు, పక్క ముక్క అంచు ఒకదానికొకటి సరిపోతాయి. అక్కడక్కడ ఒక ముక్క జారి పక్కదాని కిందికి దూరి ఉంటుంది. గుడ్డు ఒక వైపు అణిగిపోయి ఉంటుంది. సందుల్లో ఉన్న రాయి, లోపల నిండిన రాయి ఒకటే అయి ఉంటాయి.

నకలు ఎక్కడ బయటపడుతుంది

నేను పోసే పద్ధతి చెబితే మీకు వెతకవలసిన చోట్లు తెలుస్తాయి. అసలు గుడ్డు మీద సిలికాన్ రబ్బరు పూసి రెండు చెక్కల అచ్చు తీస్తాను. ఆ అచ్చులో రెసిన్ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) గానీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గానీ పోస్తాను. గట్టిపడ్డాక బయటికి తీసి, అతుకును సానపెట్టి, రంగులు వేస్తాను. ఇందులో నాలుగు జాడలు మిగులుతాయి.

మొదటిది అతుకు గీత. రెండు చెక్కలు కలిసిన చోట గుడ్డు చుట్టూ ఒక గీత ఉంటుంది. ఎంత సానపెట్టినా, ఆ గీత వెంట బొడిపెలు కొంచెం నున్నబడి ఉంటాయి. గుడ్డును నెమ్మదిగా తిప్పుతూ పక్క వెలుతురులో చూస్తే నున్నటి పట్టీ ఒకటి చుట్టూ తిరుగుతుంది. రెండోది గాలి బుడగలు. రెసిన్‌లో చిక్కిన బుడగ పగిలితే నిలువుగా దిగే రంధ్రం కాకుండా గిన్నెలాంటి గుంట ఏర్పడుతుంది, అంచు పదునుగా ఉంటుంది. పెంకు రంధ్రాలు బొడిపెల మధ్య పల్లాల్లోనే ఉంటాయి. బుడగ గుంటలు బొడిపె నెత్తి మీద కూడా ఉంటాయి. మూడోది రంగు. అసలు గుడ్డులో పెంకు రంగు వేరు, సందుల్లో రాయి రంగు వేరు, ఆ తేడా లోపలి దాకా ఉంటుంది. పోతలో రంగు పైపొరే. అడుగున కనపడని చోట గోటితో కాదు, సూదితో ఒక చుక్కంత గీకితే తెల్లగానో ఒకే రకం బూడిదగానో బయటపడుతుంది.

నాలుగోది అన్నిటికన్నా తేలిక. ఒకే అచ్చులో పోసిన గుడ్లన్నిటికీ ఒకే పగులు, అదే చోట, అదే వంపుతో వస్తుంది. ఎవరైనా ఐదారు గుడ్లున్న "గూడు" చూపిస్తే, ఒక గుడ్డు మీద ప్రస్ఫుటంగా ఉన్న పగులును గుర్తుపెట్టుకుని మిగతావాటిలో వెతకండి. గుడ్డును తిప్పి, తలకిందులు చేసి అమర్చినా ఆ పగులు దొరుకుతుంది. పేరున్న అమ్మకందారుల ఫొటోలతో కూడా ఇలాగే పోల్చవచ్చు.

గుడ్లు అమర్చిన తీరు కూడా చూడండి. ఓవిరాప్టర్ గూటిలో గుడ్లు జంటలు జంటలుగా, వలయంగా పేర్చి ఉంటాయి. సంతలో కనిపించే గూళ్లలో మాత్రం ఎక్కడి గుడ్లో తెచ్చి, ఎర్రమట్టీ జిగురూ కలిపిన ముద్దలో అందంగా గుచ్చి ఉంటాయి.

అతికించిన గుడ్డు: అసలు ప్రమాదం ఇదే

పూర్తి పోత గుడ్డును రెండు నిమిషాల్లో పట్టుకోవచ్చు. కష్టమంతా సగం నిజంతో చేసిన గుడ్డుతోనే. పెంకు ముక్కలు అసలువే. అవి దొరికే చోట గుట్టలుగా దొరుకుతాయి, విడిగా వాటికి ధర లేదు. మట్టితోనో సిమెంటుతోనో ఒక గుడ్డు చేసి, దాని మీద ఆ ముక్కలను జిగురుతో అతికిస్తే ధర వందల రెట్లు పెరుగుతుంది. లెన్సు పెట్టి చూస్తే స్తంభాలూ బొడిపెలూ అన్నీ ఉంటాయి. కొన్నవాడు సంతోషంగా ఇంటికి వెళతాడు. ఈ పని మీద నాకు నిజంగా కోపం. పోత గుడ్డు శాస్త్రానికి ఏ హానీ చేయదు. ఇది మాత్రం ఎక్కడెక్కడి గూళ్ల ముక్కలనో కలిపేసి, ఆ ముక్కల్లో మిగిలిన సమాచారాన్ని శాశ్వతంగా చెరిపేస్తుంది.

ఇలాంటిదొకటి నా బల్ల మీదికి వచ్చింది. దూరం నుంచి నిర్దోషంగా ఉంది. లెన్సు కింద మొదట నన్ను ఆపింది ముక్కల వంపు. గుడ్డు చిన్నది, కొన్ని ముక్కలు మాత్రం దాదాపు చదునుగా ఉన్నాయి. అంటే అవి ఇంకా పెద్ద గుడ్డువి. వాటి అంచులు లేచి, కింద జిగురు మందంగా నిండి ఉంది. తర్వాత ఒక ముక్క మీద బొడిపెలు కనిపించలేదు. బదులుగా పిండి రవ్వల్లాంటి చిన్న మొనలు, ఒకదాన్నొకటి తాకీ తాకకుండా ఉన్నాయి. అది పెంకు లోపలి ముఖం! ముక్కను తిరగేసి అతికించారు. పక్కనే మరో ముక్క మందం దీనికన్నా రెట్టింపు ఉంది. ఒకే గుడ్డు పెంకు మందంలో కొద్దిపాటి తేడా ఉండవచ్చు కానీ పక్కపక్కనే రెట్టింపు ఉండదు.

అతికింపును పట్టుకోవడానికి నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి చాలా సాయం చేస్తుంది. చీకటి గదిలో వేసి చూడండి. చాలా జిగుర్లు నీలం తెలుపుగా మెరుస్తాయి, ముక్కల చుట్టూ గీతలు గీసినట్టు కనబడతాయి. అయితే మెరుపు కనపడగానే దొంగదని తీర్పు చెప్పకండి. ప్రదర్శనశాలల్లో కూడా పెళుసు పెంకును జిగురుతో గట్టిపరుస్తారు. జిగురు ఎక్కడ ఉందన్నదే ప్రశ్న. ఒకటి రెండు పగుళ్లలో సన్నగా ఉంటే మరమ్మతు. ప్రతి ముక్క చుట్టూ, ప్రతి ముక్క కిందా ఉంటే అతికింపు. గోళ్ల రంగు తీసే అసిటోన్‌లో దూదిపుల్ల ముంచి ఒక సందులో తాకిస్తే చాలా రకాల జిగురు మెత్తబడి దూదికి అంటుకుంటుంది, దానితో పాటు రంగూ వస్తుంది. అసలు రాయి అసిటోన్‌కు చలించదు.

మడగాస్కర్ ఏనుగు పక్షి గుడ్ల విషయంలో మాత్రం అతికింపుకు వేరే చరిత్ర ఉంది. అంతరించిపోయిన ఆ పక్షి గుడ్డు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. చాలా ప్రదర్శనశాలల్లో ఉన్నవి ముక్కలను ఏరి జతచేసినవే. అలా చేశామని చెప్పి చూపిస్తే అందులో మోసం లేదు. అక్కడ మీరు అడగవలసింది ఒక్కటే: ముక్కలన్నీ ఒకే గుడ్డువా, వేర్వేరు గుడ్లవా?

ఇంట్లో చేయగల పరీక్షలు

తూకం బాగా పనికొస్తుంది. 16 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గుండ్రటి వస్తువు పరిమాణం సుమారు రెండు లీటర్లకు కొంచెం పైన, 2.1 లీటర్లు. లోపల రాయి నిండిన అసలు గుడ్డు అయితే ఐదు కిలోలకు అటూ ఇటూ తూగాలి. రెసిన్ నిండా పోసినదైనా రెండున్నర కిలోల దగ్గర ఆగుతుంది. లోపల డొల్లగా పోసినది ఇంకా తేలిక. గుడ్డు కోలగా ఉంటే లెక్క కష్టం కాబట్టి, ప్లాస్టిక్ సంచిలో గట్టిగా చుట్టి, అంచు దాకా నీళ్లు నింపిన బకెట్‌లో ముంచి, పొర్లిన నీటిని కొలవండి. సంచి తప్పనిసరి. మట్టి గుడ్డయితే తడికి కరిగిపోతుంది, అసలుదయితే తడి దాని పెంకును వదులు చేస్తుంది. రెసిన్‌లో రాతిపొడి కలిపి బరువు పెంచేవాళ్లు ఉన్నారు. కాబట్టి తేలికగా ఉంటే నకలని చెప్పవచ్చు గానీ, బరువుగా ఉంది కదా అని అసలుదని చెప్పలేం.

వెనిగర్ చుక్క గురించి అందరూ అడుగుతారు. పెంకు కాల్సైట్, అంటే సున్నపురాయి ఖనిజం. చుక్క పడితే సన్నగా బుడగలు వస్తాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రెసిన్ పొంగవు. కానీ మామూలు సున్నపురాయి, పాలరాతి పొడి, కోడిగుడ్డు పెంకు కూడా పొంగుతాయి. పైగా ఆమ్లం పెంకును తినేస్తుంది. నా మాట వింటే ఈ పరీక్ష విడిపోయిన చిన్న ముక్క మీద తప్ప చేయకండి. మీది కాని గుడ్డు మీద అసలే వద్దు.

కాల్చిన సూది పరీక్ష అంతకన్నా తేలిక. అడుగున ఒక మూల తాకించండి. ప్లాస్టిక్ వాసన వస్తే రెసిన్. రాయికి ఏమీ కాదు.

"లోపల పిల్ల ఉంది" అని ఎక్స్‌రే ఫొటో చూపించి ధర పెంచేవాళ్లను నమ్మకండి. పిండంతో సహా శిలాజమైన గుడ్డు చాలా అరుదు. లోపల పెరిగిన కాల్సైట్ స్ఫటికాలు కూడా ఎక్స్‌రేలో ఎముకల్లా తెల్లగా పడతాయి.

తుది తీర్పు మాత్రం సూక్ష్మదర్శినిదే. పెంకు ముక్కను కాగితం కన్నా పలుచగా, కాంతి దూరేంత అరగదీసి చూస్తే ఆ విసనకర్ర స్తంభాల లోపల కాల్సైట్ కిరణాల్లా విచ్చుకున్న తీరు కనిపిస్తుంది. దాన్ని ఎవరూ అనుకరించలేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగాల్లో రాళ్లను ఇలా చదవగలిగిన వాళ్లు ఉంటారు.

గుడ్డూ కాదు, నకలూ కాదు

మోసం లేకుండానే మోసపోయే సందర్భాలు ఎక్కువ. ప్రాణహిత, గోదావరి లోయలో జురాసిక్ కాలపు డైనోసార్ ఎముకలు దొరికిన మాట నిజం. అక్కడి కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దాన్ని చూసివచ్చిన వాళ్లు ఆ వైపు వాగుల్లో దొరికిన నున్నటి గుండ్రాళ్లను నాకు తెచ్చి చూపిస్తారు. ఎముకలు దొరికిన నేల అయినంత మాత్రాన గుండ్రాయి గుడ్డు అయిపోదు.

2020లో తమిళనాడు పెరంబలూరు జిల్లా కున్నం దగ్గర చెరువు తవ్వకంలో పెద్ద గుండ్రటి రాళ్లు బయటపడితే డైనోసార్ గుడ్లని ప్రచారం జరిగింది. భూగర్భ శాస్త్రవేత్తలు వెళ్లి చూసి, అవి ఖనిజం పేరుకుని ఏర్పడిన రాతి గుండ్లని తేల్చారు. ఆ ప్రాంతం ఒకప్పుడు సముద్రం. నత్తగుల్లలాంటి అమ్మోనైట్ల చుట్టూ పొరలు పొరలుగా బురద గట్టిపడితే అలాంటి గుండ్లు తయారవుతాయి. పగిలినవి ఉంటే పరీక్ష సులువు: ఉల్లిపొరల్లా లోపలి దాకా పొరలుంటే అది రాతి గుండు. గుడ్డుకు పెంకు ఒక్కటే ఉంటుంది, దాని తర్వాత నేరుగా లోపలి రాయి. పరిమాణాలు కూడా చూడండి. ఒకే చోట నిమ్మకాయంత నుంచి గుమ్మడికాయంత దాకా అన్ని సైజులూ ఉంటే అవి గుడ్లు కావు. ఒక గూటిలోని గుడ్లు దాదాపు ఒకే సైజులో ఉంటాయి.

కొనే ముందు

అసలు గుడ్డు అని తేలితే కొనవచ్చా అని అడుగుతారు. నేను వద్దంటాను. చైనా, మంగోలియా, అర్జెంటీనా తమ శిలాజాలను దేశం దాటించడాన్ని నిషేధించాయి. చైనా నిబంధనలు 2011 నుంచి మరింత కట్టుదిట్టమయ్యాయి. చైనాలోని హెనాన్‌లో 1990ల మొదట్లో తవ్వి అమెరికాకు తరలించిన ఒక గూడు, అందులోని పిండం "బేబీ లూయీ" పేరుతో ప్రపంచమంతా తెలిసింది. అది తిరిగి చైనా చేరింది 2013లో. ఆ జంతువుకు బెయిబెయిలాంగ్ అని శాస్త్రీయంగా పేరు పెట్టింది 2017లో. అంటే చోటు మారిన గూడు గురించి పూర్తిగా తెలుసుకోవడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. కాగితాలు లేని అసలు గుడ్డు అమ్మకానికి వచ్చిందంటే అది దొంగసొత్తు అయ్యే అవకాశమే ఎక్కువ.

అమ్మేవాళ్లను మాత్రం ఈ ఫొటోలు అడగండి: విరిగిన అంచు, అడుగు భాగం, పక్క వెలుతురులో నాలుగు వైపులా, అతినీలలోహిత టార్చి కింద చీకట్లో ఒకటి. ఏ రాతి పొర, ఏ జిల్లా అని అడగండి. "ఆసియా" అని జవాబు వస్తే అక్కడే ఆపేయండి. బల్ల మీద గుడ్డు కావాలన్న ముచ్చట ఉంటే నకలని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనండి. నేను పోసే ప్రతి గుడ్డు అడుగున "నకలు" అన్న మాట, పోసిన ఏడాది అచ్చులోనే ఉబ్బెత్తుగా వచ్చేలా చేస్తాను. రంగు వేసినా అది పోదు. అలాంటి గుర్తు లేని నకలును నేను బడికి కూడా ఇవ్వను.

నేలలో కనిపిస్తే

మీ పొలంలోనో గుట్ట మీదో పెంకుతో సహా కనిపిస్తే తవ్వకండి, కడగకండి, ముక్క కూడా ఎత్తకండి. పక్కన రూపాయి నాణెం పెట్టి దగ్గరగా ఒకటి, చుట్టూ నేల కనబడేలా దూరం నుంచి ఒకటి ఫొటో తీయండి. ఫోనులో ఆ చోటు గుర్తు పెట్టుకోండి. హైదరాబాదు బండ్లగూడలో భారత భూగర్భ సర్వే దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, వాళ్లకు రాయండి. దగ్గరి విశ్వవిద్యాలయానికి చెప్పినా చాలు.

డైనోసార్‌వే కానక్కరలేదు. ప్రకాశం జిల్లాలో సుమారు 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడింది. అక్కడ శాస్త్రవేత్తలకు దొరికింది నిండు గుడ్లు కాదు, చిన్న స్థలంలో దాదాపు 3,500 పెంకు ముక్కలు. ఆ ముక్కలు పడిన చోటనే ఉండబట్టి అది గూడు అని, అందులో 9 నుంచి 11 గుడ్లు ఉండి ఉంటాయని చెప్పగలిగారు. కాబట్టి మీకు గుండ్రంగా ఏమీ కనిపించకపోయినా, వంపు తిరిగిన పెంకు ముక్కలు ఒకే చోట గుంపుగా ఉంటే, వాటిని ఏరి సంచిలో వేయకుండా ఫొటో తీసి పంపండి.